కారు సీజ్ చేసిన ఫైనాన్స్ కంపెనీపై నా రివ్యూ, సీజ్ అయ్యాక కూడా మనకుండే హక్కులు

లోన్ ఇవ్వడంలో 4 స్టార్లు, కస్టమర్ కేర్‌కి 1, బండి పట్టుకెళ్ళిన తీరుకి సున్నా, రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాక వాళ్ళ పై ఆఫీసు స్పందించినందుకు 3. మొత్తం మీద 5కి ఒకటిన్నర ఇస్తున్నాను, ఆ అర కూడా చివరికి బండి ఇంటికొచ్చింది కాబట్టి. కంపెనీ పేరు రాయడం లేదు. సెకండ్ హ్యాండ్ కార్లకు అప్పులిచ్చే చాలా చోట్ల ఇదే పద్ధతి నడుస్తోంది, కాబట్టి పేరు కన్నా ఆ పద్ధతి ఏంటో, దాన్ని ఎక్కడ ఆపొచ్చో తెలియడం ముఖ్యం అనుకుంటున్నాను.

కారు మా బావమరిదిది, సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్. లోన్‌కి నేను గ్యారంటర్ని. గ్యారంటర్ అంటే ఏదో సాక్షి సంతకం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, అసలు అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యత ఉందో చట్టప్రకారం గ్యారంటర్‌కీ అంతే ఉంటుంది, వాళ్ళు నేరుగా నా మీదకీ రావచ్చు. అందుకే ఈ వ్యవహారం మొత్తం నేనే దగ్గరుండి చూసుకోవాల్సి వచ్చింది.

లోన్ ఇచ్చే దగ్గర మాత్రం వంక పెట్టడానికి లేదు. ఇంటికే వచ్చి కాగితాలు తీసుకెళ్ళారు, బ్యాంకులో అయితే జీతం స్లిప్పులంటూ, ఐటీ రిటర్న్‌లంటూ తిప్పేవాళ్ళు, ఇక్కడ అదేమీ లేదు. వడ్డీ బ్యాంకు కన్నా ఎక్కువే, పాత బండి కాబట్టి అది ముందే తెలుసు. ఒక్క లోటు ఏంటంటే కట్టకట్టలుగా సంతకాలు తీసుకుని అగ్రిమెంట్ కాపీ చేతికివ్వలేదు. "మెయిల్‌కి వస్తుంది సార్" అన్నారు, రాలేదు. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. అగ్రిమెంటు, దాంతోపాటు జతచేసిన కాగితాలన్నీ అప్పు తీసుకున్నవాళ్ళకు ఇచ్చి తీరాలని ఆర్‌బీఐ ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్‌లో, అంటే అప్పులిచ్చే కంపెనీలు పాటించాల్సిన నియమావళిలో ఉంది. బండి సీజ్ అయ్యాక మన కేసు మొత్తం నిలబడేది ఆ అగ్రిమెంట్‌లో ఉన్న నాలుగైదు వాక్యాల మీదే.

మావాడు ఫార్మా కంపెనీలో మెడికల్ రెప్, ఆ కంపెనీ జీతాలు ఆపేయడంతో ఈఎంఐలు వరసగా బౌన్స్ అయ్యాయి. కట్టాల్సింది కట్టలేదు, దాన్ని కాదనడం లేదు. ఓవర్‌డ్యూ (గడువు దాటిన బాకీ) పడ్డాక ఫోన్లు రావడమూ సహజమే. కానీ రాత్రి పది దాటాక వాడికి, పొద్దున్నే మా అత్తగారికి ఫోన్ చేసి "మీ అబ్బాయి దొంగ" అనడం సహజం కాదు. ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని, బెదిరించకూడదని, చుట్టాల ముందూ స్నేహితుల ముందూ పరువు తీయకూడదని 2022 ఆగస్టులో ఆర్‌బీఐ స్పష్టంగా సర్క్యులర్ ఇచ్చింది. ఏజెంట్ బయటివాడు, మాకు సంబంధం లేదు అని కంపెనీ తప్పించుకోవడానికీ వీల్లేదు, ఏజెంట్ చేసినదానికి కంపెనీదే బాధ్యత. ఆ కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లు తీసి దాచమన్నాను, తర్వాత అవే పనికొచ్చాయి.

సీజింగ్ గుంటూరులో అమరావతి రోడ్డులో జరిగింది. డాక్టరు దగ్గర పని చూసుకుని బయటికొచ్చేసరికి కారుకి అడ్డంగా రెండు బైకులు, చుట్టూ మనుషులు. "అన్నా, తాళం ఇచ్చెయ్, బ్రాంచికెళ్ళి మాట్లాడుకో, మాకిచ్చిన పని మేం చేస్తున్నాం" అన్నారట. ఐడీ కార్డు చూపించమంటే ఫోన్‌లో ఏదో లిస్ట్ చూపించారు. వాడు అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు. వెనక నుంచి ఒకడు "ఇక్కడ సంతకం పెట్టు, లేకపోతే కేసవుద్ది" అనడం నాకు వినిపిస్తూనే ఉంది. ఆ కాగితం సరెండర్ లెటర్. నేను ఈఎంఐ కట్టలేను, బండిని నా ఇష్టంతో అప్పగిస్తున్నాను అని రాసి ఉంటుంది అందులో. ఏం జరిగినా సంతకం పెట్టొద్దు, గొడవ పడొద్దు, వీడియో తీసుకో అని చెప్పాను. వాళ్ళు తాళం లాక్కుని వెళ్ళిపోయారు, సంతకం మాత్రం తీసుకోలేకపోయారు. ఈ రివ్యూలో ఒక్క మాటే గుర్తుంటుంది అనుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి, ఆ కాగితం మీద సంతకం పడితే బలవంతంగా తీసుకెళ్ళారని మనం తర్వాత చెప్పే మాటకి విలువ సగం పోతుంది.

ఇక్కడ చట్టం ఏమంటుందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఎందుకంటే యూట్యూబ్‌లో కొంతమంది "కోర్టు ఆర్డర్ లేకుండా బండి ముట్టుకుంటే దొంగతనమే" అని చెప్పేస్తున్నారు. అది నిజం కాదు. బండిని స్వాధీనం చేసుకునే హక్కు అగ్రిమెంట్‌లో ఉండి, మనం బాకీ పడితే, ఆ హక్కు వాడుకోవచ్చని, అది దొంగతనం కిందికి రాదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది, 2020లో మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో కూడా దాదాపు అదే మాట. కానీ అదే కేసులో, నోటీసు ఇవ్వాలని అగ్రిమెంట్‌లో ఉంటే ఇచ్చి తీరాలని కూడా అంది. అంతకుముందు 2007లో ఐసీఐసీఐ బ్యాంకు, ప్రకాశ్ కౌర్ కేసులో, రౌడీలని పెట్టి బండ్లు లాక్కోవడం కుదరదు, వసూలు చట్టబద్ధంగానే జరగాలి అని గట్టిగా చెప్పింది. 2011లో సిటీకార్ప్ మారుతి ఫైనాన్స్ కేసులో, హైర్ పర్చేజ్ అగ్రిమెంట్ (వాయిదాలన్నీ కట్టాకే బండి మనదయ్యే ఒప్పందం) ఉన్నా సరే బలప్రయోగం పనికిరాదని మళ్ళీ చెప్పింది. పాట్నా హైకోర్టు 2023 మేలో ఇంకో అడుగు ముందుకేసి, ఏజెంట్లతో బలవంతంగా బండ్లు లాక్కోవడం రాజ్యాంగం ఇచ్చిన జీవనోపాధి హక్కుకే విరుద్ధం అంది. అంటే వాళ్ళకి హక్కు ఉంది, కానీ ఆ హక్కుకి ఒక పద్ధతి ఉంది. పద్ధతి తప్పిన చోటే మన బలం.

2022 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని హజారీబాగ్‌లో ట్రాక్టర్ సీజ్ చేయడానికొచ్చిన రికవరీ మనుషుల వల్ల ఒక గర్భిణి చనిపోయిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత ఆ ఫైనాన్స్ కంపెనీ బయటి ఏజెంట్లతో వసూళ్ళు చేయకుండా ఆర్‌బీఐ కొన్ని నెలలు ఆపేసింది. ఆర్‌బీఐ చేతిలో అంత అధికారం ఉంది, కాబట్టి ఫిర్యాదు పెట్టి ఏం లాభం అనుకోవద్దు.

మళ్ళీ మా విషయానికొస్తే, బండి ఎక్కడ పెట్టారో బ్రాంచిలో ఎవరూ చెప్పలేదు, యార్డు అడ్రస్ అడిగితే "సిస్టమ్‌లో ఇంకా అప్‌డేట్ అవ్వలేదు" అన్నారు. మాకు దారి చూపించింది ఫాస్టాగ్. బండి వాళ్ళ చేతిలో ఉన్నా టోల్ డబ్బులు మావాడి ఖాతాలోంచే కట్ అయ్యాయి, కాజ టోల్‌గేట్ దగ్గర ఒక మెసేజ్, తర్వాత పొట్టిపాడు దగ్గర ఇంకోటి. అంటే బండి విజయవాడ దాటి ఏలూరు వైపు వెళ్ళింది. ఆ రూటులో ఉన్న యార్డులు వాకబు చేస్తే దొరికింది. కాబట్టి బండి పోయిన కోపంలో వెంటనే ఫాస్టాగ్ బ్లాక్ చేయకండి, యార్డు తెలిశాక చేయండి.

కారులో వాడి సర్టిఫికెట్ల ఫైలు, శాంపిల్ మందుల బ్యాగు, కొంత నగదు ఉన్నాయి. అప్పు కారు మీదే కానీ కారులో ఉన్న సామాన్ల మీద కాదు. వాటి మీద కంపెనీకి ఏ హక్కూ లేదు, అడిగితే ఇచ్చేయాలి. బండి తీసుకునేటప్పుడే కిలోమీటర్ల రీడింగ్, టైర్లు, స్టెప్నీ, బ్యాటరీ, లోపలున్న సామాను అన్నీ రాసి ఇన్వెంటరీ కాపీ ఇవ్వడం సరైన పద్ధతి, వీళ్ళు ఇవ్వలేదు. యార్డులో కాపలా ఉన్న పెద్దాయన మంచివాడు, "నా చేతుల్లో ఏం లేదు బాబూ, లెటర్ తెస్తే ఇచ్చేస్తా" అన్నాడు. ఆ లెటర్ కోసం మళ్ళీ బ్రాంచికి.

పోలీస్ స్టేషన్‌లో మొదట విన్న మాట "ఇది సివిల్ మ్యాటర్ అండి, ఫైనాన్స్ వాళ్ళతో మాట్లాడుకోండి". బండి దొంగతనం అని రాస్తే వాళ్ళు అన్నది సబబే. అందుకని ఫిర్యాదులో దొంగతనం మాటే ఎత్తలేదు. రోడ్డు మీద కదలనివ్వకుండా అడ్డుకున్నారు, బెదిరించారు, సంతకం కోసం ఒత్తిడి చేశారు, వస్తువులు, నగదు తీసుకెళ్ళారు అని జరిగింది జరిగినట్టు రాసి, వీడియో పెన్‌డ్రైవ్ జతచేసి, రసీదు తీసుకున్నాం. అడ్డగించడం భారతీయ న్యాయ సంహితలో 126వ సెక్షన్ కిందికి, బెదిరించడం 351 కిందికి వస్తాయి. సీజింగ్‌కి ముందు, తర్వాత స్టేషన్‌కి సమాచారం ఇస్తామని ఫైనాన్స్ కంపెనీలు చెబుతుంటాయి, ఆ లెటర్ల కాపీలు చూపించమని అడగండి. మేం అడిగాం. మాకు చూపించలేదు.

ఇక అసలు టెన్షన్ బ్రాంచిలో. "సీజ్ అయిన బండికి ఓవర్‌డ్యూ తీసుకోం, మొత్తం లోన్ ఒకేసారి కట్టేయండి, లేకపోతే వచ్చే వారం ఆక్షన్" అని మేనేజర్ అన్నాడు. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు, బండి వదిలేసుకుంటారు. కానీ ఫైనాన్స్ కంపెనీల కోసం ఆర్‌బీఐ పెట్టిన నియమాల్లో సీజింగ్ గురించి ప్రత్యేకంగా ఉంది. స్వాధీనం చేసుకునే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, ఏ పరిస్థితిలో నోటీసు లేకుండా తీసుకోవచ్చు, ఎలా తీసుకోవాలి, వేలానికి ముందు బాకీ కట్టుకోవడానికి ఇచ్చే చివరి అవకాశం ఏంటి, బండి తిరిగి ఇచ్చే పద్ధతి ఏంటి, వేలం ఎలా వేస్తారు, ఇవన్నీ అగ్రిమెంట్‌లోనే రాసి ఉండాలి. చివరి అవకాశం ఇవ్వకుండా వేలం వేస్తే వాళ్ళ కాగితానికి వాళ్ళే విరుద్ధంగా పోయినట్టు. మేం నోరు మూసుకుని లెటర్ రాశాం. అగ్రిమెంట్ కాపీ, నోటీసు ఇచ్చినట్టు పోస్టల్ రుజువు, ఏజెన్సీ పేరూ ఏజెంట్ల అధికార పత్రమూ, తేదీలవారీ లోన్ స్టేట్‌మెంటు, ఇన్వెంటరీ అడిగి, ఓవర్‌డ్యూ కట్టడానికి సిద్ధంగా ఉన్నాం, అప్పటిదాకా వేలం ఆపండి అని రాసి, బ్రాంచికి రిజిస్టర్డ్ పోస్టులో, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న గ్రీవెన్స్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే అధికారి) మెయిల్‌లో పంపాం. కస్టమర్ కేర్ నంబరుకి ఎంత అరిచినా ఏమీ రికార్డులో ఉండదు. లెటర్ ఉంటుంది.

స్టేట్‌మెంటు చేతికొచ్చాక ఇంకో సంగతి బయటపడింది. ఆలస్యానికి వేసిన పెనాల్టీని అసలులో కలిపి, దాని మీద మళ్ళీ వడ్డీ వేశారు. 2024 ఏప్రిల్ నుంచి ఇది కుదరదు. ఆలస్యానికి పెనల్ ఛార్జీ వేయొచ్చు కానీ దాన్ని అదనపు వడ్డీ రూపంలో వేయకూడదు, అసలులో కలిపి వడ్డీ మీద వడ్డీ చేయకూడదు, పాత లోన్‌లను కూడా ఆ ఏడాది జూన్ 30 లోపు ఈ పద్ధతిలోకి మార్చాలని ఆర్‌బీఐ చెప్పింది. ఇది ఎత్తి చూపాక ఆ లెక్క సరిచేశారు. సీజింగ్ ఛార్జీ, రోజుకింత చొప్పున యార్డు అద్దె కూడా వేశారు, వాటికి బిల్లులు చూపించమని, అగ్రిమెంట్‌లో ఏ వాక్యం ప్రకారం వేశారో చెప్పమని అడిగాం. సీజింగ్ ఛార్జీ తగ్గించారు, యార్డు అద్దె తగ్గించలేదు.

కంపెనీ 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చింది మనకు నచ్చకపోయినా, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి, అంటే కస్టమర్ల ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అధికారికి వెళ్ళొచ్చు. ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, సందేహాలకు 14448 నంబరు ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, అసలు లాయరు ద్వారా పెట్టడానికి ఒప్పుకోరు కూడా. అదే విషయం మీద కోర్టులోనో, వినియోగదారుల కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే మాత్రం ఇక్కడ తీసుకోరు, కాబట్టి ఏది ముందో ఆలోచించుకోండి. మా మెయిల్లో "గడువు దాటితే అంబుడ్స్‌మన్‌కి వెళ్తాం" అని, ఏ నియమం ఎక్కడ తప్పారో వరసగా రాశాం. అప్పటిదాకా మాతో మాట్లాడని ప్రాంతీయ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఓవర్‌డ్యూ, సరిచేసిన ఛార్జీలు కడితే బండి వదులుతాం అన్నారు. ఆ 3 స్టార్లు దీనికే.

మా బండి వేలం దాకా వెళ్ళలేదు కానీ, వెళ్ళిన వాళ్ళ కోసం తెలిసింది రాస్తాను. వేలంలో బాకీ కన్నా ఎక్కువ వస్తే ఖర్చులు పోగా మిగిలింది మనదే, అడిగి తీసుకోవాలి. తక్కువ వస్తే మిగతాది మన దగ్గర వసూలు చేసే హక్కు వాళ్ళకుంది, అందుకే ఎంతకు అమ్ముతున్నారన్నది మనకు చాలా ముఖ్యం. వేలం తేదీ, వాల్యుయేషన్ రిపోర్టు, ఎవరు ఎంతకు పాడారు అన్నీ రాతలో అడగండి, వీలైతే మీకు తెలిసిన కొనేవాళ్ళని మీరే తీసుకెళ్ళండి. మార్కెట్‌లో అదే మోడల్, అదే ఏడాది బండ్ల ధరలు స్క్రీన్‌షాట్లు పెట్టుకోండి. కారు కారుచౌకగా అమ్మేసి మిగతా లక్షలు కట్టమంటే వినియోగదారుల కమిషన్ ముందు చూపించడానికి అవే ఆధారం.

చెన్నై నుంచో ముంబై నుంచో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి) నోటీసు వస్తే చించి పారేయకండి. జవాబివ్వకపోతే మనం లేకుండానే అవార్డు (మధ్యవర్తి తీర్పు) ఇచ్చేస్తారు, దాన్ని కోర్టు డిక్రీలా అమలు చేస్తారు. కంపెనీ తనంతట తానే ఒక్కడినే ఆర్బిట్రేటర్‌గా పెట్టుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనమూ అలాంటి ఏకపక్ష నియామకాలు కుదరవంది. ఈ అభ్యంతరాన్ని మొదటి జవాబులోనే రాయండి. అవార్డు వచ్చేశాక సవాలు చేయడానికి మామూలుగా 3 నెలలే గడువు. ఆ నోటీసు వచ్చినరోజే లాయర్‌ని కలవడం మంచిది, డబ్బు పెట్టాల్సిన చోటు అదే. సర్ఫేసీ చట్టం (కోర్టుకి వెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద తీసుకుంటున్నాం అని ఏ ఫైనాన్స్ కంపెనీ అయినా అంటే లోన్ మొత్తం చూసుకోండి, బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం 20 లక్షలు, ఆ పైన అప్పులకే వర్తిస్తుంది.

చాలామంది పట్టించుకోనిది ఆర్‌సీ. బండి పోయింది, పీడా పోయింది అనుకుంటారు, కానీ రికార్డుల్లో ఓనరుగా మీ పేరే ఉన్నంతకాలం కొన్నవాడు యాక్సిడెంట్ చేస్తే పరిహారం కేసులో నోటీసు మీ ఇంటికే వస్తుంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, బండి చేతులు మారినా ఆర్‌టీఏ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరు అని తేల్చింది. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం ఫైనాన్షియర్ తన పేరు మీదకి కొత్త ఆర్‌సీ తీసుకోవచ్చు, అయితే మనం ఆర్‌సీ ఇవ్వని సందర్భంలో మనకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, చెప్పుకునే అవకాశం ఇచ్చాకే అధికారి పాతది రద్దు చేయాలి. ఇల్లు మారి ఉంటే అడ్రసు మార్పించుకోండి, లేకపోతే ఆ నోటీసు ఎక్కడికో పోతుంది. బండి ఫలానా తేదీన, ఫలానా టైముకి కంపెనీ స్వాధీనంలోకి వెళ్ళింది అని ఆర్‌టీఏకి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక లెటర్ ఇచ్చి రసీదు దాచుకోవాలి.

సిబిల్ దెబ్బ తప్పదు, మూడు నెలల బౌన్సులు అందులో ఉంటాయి. కానీ కట్టేశాక కూడా తప్పుగా చూపిస్తుంటే ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలంటే జరిగిన నాటి నుంచి 2 ఏళ్ళ గడువు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి వెళ్ళక్కర్లేదు. సొంతంగా ట్యాక్సీ నడుపుకుని బతికేవాళ్ళు కూడా వేయొచ్చు, జీవనోపాధి కోసం సొంతంగా చేసుకునే పని వ్యాపారం కిందికి రాదు. సందేహముంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఈ కంపెనీ దగ్గర లోన్ తీసుకోవచ్చా అని నన్ను అడిగితే, బ్యాంకు ఇచ్చేటట్టయితే ఆలస్యమైనా బ్యాంకులోనే తీసుకోమంటాను. ఇక్కడే తీసుకోవాల్సి వస్తే అగ్రిమెంట్ కాపీ చేతికి రాకుండా బండి ఇంటికి తెచ్చుకోవద్దు. జీతం ఆగినప్పుడు ఈఎంఐ బౌన్స్ అవ్వకముందే రాతపూర్వకంగా గడువు అడగండి, ఒప్పుకోకపోయినా అడిగినట్టు రికార్డు ఉంటుంది.

రిలీజ్ లెటర్ తీసుకుని యార్డుకి వెళ్ళినప్పుడు "అన్నీ సరిగ్గా ఉన్నాయి" అని ముందే టైపు చేసిన కాగితం ఇచ్చారు. బండి చుట్టూ తిరిగి వీడియో తీశాకే పెన్ను పట్టుకున్నాం. స్టెప్నీ లేదు, మ్యూజిక్ సిస్టమ్ లేదు, సర్టిఫికెట్ల ఫైలు ఉంది, నగదు లేదు. ఆ నాలుగూ కాగితం మీద చేత్తో రాసి, అభ్యంతరంతో తీసుకుంటున్నాం అని కింద సంతకం పెట్టాం, కాపలా పెద్దాయన చేత కూడా పెట్టించాం. స్టెప్నీ, మ్యూజిక్ సిస్టమ్‌ల డబ్బు కంపెనీ తర్వాతి ఈఎంఐలో తగ్గించింది. నగదు విషయం ఏజెన్సీని అడుగుతున్నాం అంటున్నారు, అది తేలకపోతే ఆ ఒక్కదాని మీదే అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెడతాం.